ఎత్తు వేసినవాని పేరు

చదరంగానికి రెండు లోకాలున్నవి. ఒకటి వార్తాపత్రికలలో కనిపించే లోకం. అక్కడ గ్రాండ్‌మాస్టర్లు, ప్రపంచ కిరీటాలు, దీపాల వెలుగులో మెరిసే బల్లలు, ఆట ముగిసిన గంటలోగా ప్రపంచమంతటా విశ్లేషణలు. 1988లో విశ్వనాథన్ ఆనంద్ భారతదేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ అయినప్పటి నుండి మనకు ఈ లోకంతో పరిచయం పెరిగినది. గుంటూరు బిడ్డ పెంట్యాల హరికృష్ణ 2001లోను, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లోను అదే బిరుదు పొందినప్పుడు తెలుగువారి ఇండ్లలో చదరంగపు బల్లలు మరికొన్ని వెలసినవి.

రెండవ లోకం పత్రికలకు ఎక్కదు. అది సంఘాల వసారాలలో, రైల్వే ఇన్‌స్టిట్యూటులలో, అరుగుల మీద, పని దిగివచ్చిన మనుషుల నడుమ సాగే ఆట. ఒక మూలన టీ గ్లాసు, మరొక మూలన విరిగిన గుర్రానికి బదులుగా పెట్టిన సీసా మూత. చుట్టూ నిలబడి, అడగకుండానే సలహాలిచ్చే నలుగురు. చదరంగం ఆడే కోట్లాది జనంలో నూటికి తొంబదిమందికి పైగా ఈ రెండవ లోకంవారే. ఈ నెల మన పరిశీలన వారిని గురించి. అందుకు తగిన ఊరు ఖరగ్‌పూర్.

రైలు కట్టిన ఊరు

పశ్చిమ బెంగాల్‌లో, హౌరా నుండి దాదాపు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖరగ్‌పూర్ రైలు వలన పుట్టి, రైలు వలన పెరిగిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదవ శతాబ్దం చివర ఇక్కడ జంక్షను నెలకొల్పి, పెద్ద కర్మాగారం కట్టినది. 1944లో ఆ కంపెనీ ప్రభుత్వపరమైనది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినప్పుడు ఖరగ్‌పూర్ అందులో చేరినది. ఆ స్టేషను ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయే వరకు, ప్రపంచంలో పొడవైన ప్లాట్‌ఫారం ఏది అని అడిగితే మన పిల్లలు ఖరగ్‌పూర్ పేరే చెప్పేవారు.

ఈ కంపెనీ దారి దక్షిణాన వాల్తేరు దాకా సాగినది. ఆ దారి వెంటనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వేలాది కుటుంబాలు పని వెదకుకొంటూ ఖరగ్‌పూర్ చేరినవి. మట్టి మోసినవారు, పట్టాలు వేసినవారు, కొలిమి దగ్గర నిలబడినవారు, బొగ్గు పారవేసినవారు. మధురకాఠి, నీంపురా వంటి పేటలలో ఈనాటికీ తెలుగు వినబడుతుంది. 1927లో ఖరగ్‌పూర్ కర్మాగారంలో జరిగిన పెద్ద సమ్మె, ఆ పిమ్మటి లాకౌటు భారత కార్మికోద్యమ చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించినవారిలో తెలుగువాడైన వరాహగిరి వేంకటగిరిగారు ఒకరు. 1969లో ఆయనే రాష్ట్రపతి అయినారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు ఆ రాష్ట్రంలో అధికార భాషా హోదా కల్పించడానికి ఆమోదం తెలిపినప్పుడు, దాని వెనుక ఉన్నది ఖరగ్‌పూర్ తెలుగువారి నూరేళ్ళ నివాసమే.

రైల్వే పట్టణాలలో ఆటకు గౌరవం ఎక్కువ. మహేంద్ర సింగ్ ధోనీ 2001 నుండి 2003 వరకు టికెట్టు తనిఖీ ఉద్యోగిగా పనిచేసినది ఈ ఖరగ్‌పూర్‌లోనే. క్రికెట్టు ఆడేందుకు మైదానం కావాలి, పదకొండుమంది కావాలి, పగటి వెలుతురు కావాలి. చదరంగానికి అరవైనాలుగు గళ్ళు, మరొక మనిషి చాలు. రాత్రి డ్యూటీవానికి, పగటి డ్యూటీవానికి మధ్య దొరికే ఆ గంట సేపటిలో ఇమిడిపోయే ఆట అది.

ఏనుగు ఎవరిది?

ఖరగ్‌పూర్ వంటి ఊరిలో చదరంగపు బల్ల ముందు కూర్చుంటే మొదట ఎదురయ్యే చిక్కు భాషది. తెలుగువాడు ‘ఏనుగు’ అంటే బల్ల మూలలో నిలబడి నిలువుగాను, అడ్డంగాను నడిచే పావు. బెంగాలీవాడు దానిని ‘నౌకా’ అంటాడు, అనగా పడవ. అతడు ‘గజ్’ అన్నప్పుడు అతని వ్రేలు మనం ‘శకటు’ అనే ఐమూల పావును చూపిస్తుంది. హిందీవాడు ఆ ఐమూల పావునే ‘ఊంట్’ అంటాడు, అనగా ఒంటె. ఒకే కొయ్య ముక్క మూడు ఇండ్లలో మూడు జీవులుగా బ్రతుకుతున్నది. మంత్రి మాత్రం తెలుగులోను, బెంగాలీలోను మంత్రిగానే నిలిచినాడు. గుర్రం అన్ని భాషలలోను గుర్రమే.

ఇంత గందరగోళంలోనూ ఆట ఆగదు. పావు పేరు వేరైనా నడక ఒక్కటే కదా! ‘దాదా, మీ ఎత్తు’ అని తెలుగువాడంటాడు. బెంగాలీ దాదా తల ఊపి ‘కిస్తీ’ అంటాడు. ఇద్దరికీ అర్థమవుతుంది.

భాషతో పాటు బల్ల మరొకదానిని కూడ పక్కన పెడుతుంది. రైల్వే అంటే హోదాల మెట్లు. ఎవరు ఎవరికి సలాము చేయాలో, ఎవరి క్వార్టరుకు ఎన్ని గదులో, ఎవరి పాసు ఏ తరగతిదో నిర్ణయించే మెట్లు అవి. చదరంగం బల్ల మీద ఆఫీసరుగారికి తొమ్మిదవ బంటు ఇవ్వరు. ఫిట్టరుకు ఒక గుర్రం తగ్గించరు. పావును ముట్టుకొంటే దానినే కదపాలనే నియమం ఇద్దరికీ ఒక్కటే. గెలిచినవాడు మరునాడు ఉదయం మళ్ళీ ఆఫీసరుగారికి నమస్కరించవచ్చు. అయినా ఆ ముందటి సాయంత్రం జరిగినది మాత్రం జరిగినట్లే.

ఒక అడుగు అటా, ఇటా?

సంఘం స్థాయి ఆటగాడు అనగా ఎవరు? నియమాలు బాగా తెలిసినవాడు, మూడు నాలుగు ఎత్తుల దాకా లెక్క వేయగలవాడు, ఆట మొదటి భాగంలో పది ఎత్తులు అలవాటుగా వేసేవాడు. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన అర్పాద్ ఈలో ఆటగాళ్ళ బలాన్ని అంకెలలో కొలిచే పద్ధతి కనిపెట్టినాడు. 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య దానిని స్వీకరించినది. ఆ లెక్కలో ఇటువంటి ఆటగాళ్ళు సాధారణంగా 1,400కు, 1,800కు మధ్య ఉంటారు. ఇద్దరి మధ్య 200 అంకెల తేడా ఉంటే, నూరు ఆటలలో బలవంతునికి సుమారు 76 పాయింట్లు వస్తాయి. మిగిలిన 24 బలహీనునివే. అనగా సంఘంలో ఎవరూ ఎప్పుడూ ఓడేవారు కారు, ఎవరూ ఎప్పుడూ గెలిచేవారు కారు. ఆ సాయంత్రపు ఆకర్షణ అంతా అందులోనే ఉన్నది.

అట్టి ఇద్దరి ఆట ఎక్కడ తేలుతుందో ఉదాహరణతో చూద్దాము. ఒకరు వర్క్‌షాపులో ఫిట్టరు, నల్ల పావులు. ఎదుటివాడు జమాఖర్చుల ఆఫీసులో గుమాస్తా, తెల్ల పావులు. రెండు గంటల పోరు తరువాత బల్ల ఖాళీ అయినదనుకొందాము. మిగిలినవి మూడే పావులు. గుమాస్తాకు రాజు, ఒక బంటు. ఫిట్టరుకు రాజు మాత్రమే. తెల్ల బంటు బల్ల చివరికి రెండడుగుల దూరంలో ఉన్నది. అది చివరికి చేరితే మంత్రి అవుతుంది, ఆట ముగిసినట్లే.

పాఠకులు బల్ల తీసి పావులు పెట్టి చూడవచ్చును. నల్ల రాజు తాను పుట్టిన గడిలో, ఇ-8లో ఉన్నాడు. తెల్ల బంటు ఇ-6లో, దాని పక్కనే డి-6లో తెల్ల రాజు. ఇప్పుడు ఎత్తు వేయవలసినవాడు ఎవరు? ఆట ఫలితమంతా ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడినది.

గుమాస్తా వంతు అయితే బంటును ఒక అడుగు ముందుకు తోస్తాడు. నల్ల రాజుకు చెక్ లేదు గాని కదలక తప్పదు. ఉన్న ఒకే గడికి, ఎఫ్-7కు, పోతాడు. వెంటనే తెల్ల రాజు డి-7కు వచ్చి, బంటు దిగవలసిన గడిని కాపలా కాస్తాడు. తరువాతి ఎత్తులో బంటు మంత్రి అవుతుంది.

అదే స్థితిలో ఫిట్టరు వంతు అయితే అతని రాజుకు రెండే దారులున్నవి. కుడి ఎడమలు. ఒకటి ఎఫ్-8, తెల్ల రాజుకు దూరంగా పోయే అడుగు. రెండవది డి-8, తెల్ల రాజుకు సరిగ్గా ఎదురుగా పోయే అడుగు. అలసిన మనసుకు మొదటిదే క్షేమమనిపిస్తుంది. శత్రువుకు దూరంగా జరగడం ప్రాణి స్వభావం. ఆ అడుగు వేస్తే ఆట పోయినట్లే. తెల్ల రాజు డి-7కు చేరి బంటుకు దారి చేస్తాడు, ఇక ఆపేవాడు లేడు.

డి-8కు పోతే? రాజులిద్దరూ ఒక గడి ఎడమతో ముఖాముఖి నిలబడతారు. తెల్ల రాజు డి-7కు రాలేడు, రాజు పక్కన రాజు నిలువరాదు కదా. బంటును ముందుకు తోస్తే నల్ల రాజుకు చెక్ పడుతుంది. అతడు ఇ-8కు వచ్చి బంటు ముందు అడ్డంగా నిలబడతాడు. ఇప్పుడు బంటును కాపాడుకొనాలంటే తెల్ల రాజు ఇ-6కు రావాలి. వచ్చిన క్షణాన నల్ల రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. నియమం ప్రకారం ఆట సమానం. బంటును వదలివేస్తే నల్ల రాజు దానిని తినివేస్తాడు. అప్పుడూ సమానమే.

ఒకే బల్ల, ఒకే మూడు పావులు. ఒక అడుగు ఎడంగా పోతే ఓటమి, ఒక అడుగు ఎదురుగా పోతే రక్షణ. దీనిని చదరంగ గ్రంథాలు ‘ఎదురు నిలుపు’ అనే అర్థంలో వివరిస్తాయి. తెలిసినవాడు దీనిని అర నిమిషంలో వేస్తాడు. తెలియనివాడు అరగంట ఆలోచించి కూడ దూరంగానే జరుగుతాడు. సంఘం ఆటగాళ్ళ ఆటలు అద్భుతమైన ఎత్తుల వలన గెలువబడవు. ఎక్కువగా ఇట్టి చిన్న విషయం ఒకరికి తెలిసి మరొకరికి తెలియకపోవుట వలన తేలుతవి. ఆ చిన్న విషయం ఎలా తెలియాలి? పోయిన ఆటను మళ్ళీ చూచుకొంటే తెలుస్తుంది. చూచుకొనాలంటే ఆట ఎక్కడో వ్రాసి ఉండాలి. ఇక్కడ మనం నూట డెబ్బది ఏళ్ళ వెనుకకు, ఇదే రైలు దారి చివర ఉన్న కలకత్తాకు పోవలసి ఉన్నది.

కలకత్తాలో ఇద్దరు

జాన్ కాక్రేన్ స్కాట్లండుకు చెందిన న్యాయవాది. 1822లోనే ఇంగ్లీషులో చదరంగం మీద గ్రంథం ప్రకటించినాడు. తరువాత భారతదేశం వచ్చి, కలకత్తాలో వకీలుగా పేరు సంపాదించినాడు. యూరపులో మేటి ఆటగాళ్ళతో తలపడిన అనుభవం ఆయనది. కలకత్తా చదరంగ సంఘంలో ఆయనకు సరిజోడు దొరకలేదు.

1848 ప్రాంతాన సంఘ సభ్యుడొకరు పల్లెపట్టున, ఓటమి ఎరుగడని పేరుపొందిన ఒక బ్రాహ్మణుని సంగతి విని, వెదకి పట్టుకొని కలకత్తాకు తీసికొనివచ్చినాడు. ఆ బ్రాహ్మణుని పేరు మహేశచంద్ర బంద్యోపాధ్యాయ. ఇంగ్లీషు పత్రికలు ఆ పేరును నోటికి వచ్చినట్లు వ్రాసినవి. ఒకచోట మొహేశ్చందర్, ఒకచోట మోహిశుందర్, ఎన్నోచోట్ల ఉత్త ‘బ్రాహ్మణుడు’. సంఘం ఆయనకు జీతమిచ్చి సహాయకునిగా పెట్టుకొన్నది. ఒకరు సంఘపు గౌరవనీయ సభ్యులు, మరొకరు సంఘపు ఉద్యోగి. వీరిద్దరూ తరువాతి పది పన్నెండేళ్ళలో వందల ఆటలు ఆడినారు.

మహేశచంద్రుడు నేర్చినది మన పాత పద్ధతి చదరంగం. అందులో నియమాలు ప్రాంతానికొక విధంగా ఉన్నా, ఒక విషయం చాలచోట్ల సమానం. బంటు మొదటి ఎత్తులో కూడ ఒక్క అడుగే వేయాలి. యూరపు పద్ధతిలో రెండడుగులు దూకవచ్చును. అందుచేత యూరపువారు మొదటి ఎత్తులలోనే బంట్లను బల్ల నడుమకు తోసి చోటు ఆక్రమించేవారు. మహేశచంద్రుడు కొత్త నియమాలు నేర్చిన పిమ్మట కూడ తన నడక మార్చుకొనలేదు. గుర్రాన్ని బయటికి తీయడం, దాని పక్క బంటును ఒక్క అడుగు జరపడం, ఆ సందులో శకటును మూల నుండి మూలకు చూచేటట్లు నిలపడం, రాజును కోటలో పెట్టడం. శత్రువు నడి బల్లను ఆక్రమించుకొంటే ఆక్రమించనిచ్చి, తరువాత దూరం నుండి దానిని కొట్టడం. ఆ కాలపు యూరపు పండితులకు ఇది వింతగా కనిపించినది.

1855లో వీరిద్దరూ ఆడిన ఒక ఆట చరిత్రకు ఎక్కినది. కాక్రేన్ తెల్ల పావులతో మంత్రి ముందటి బంటును రెండడుగులు తోసినాడు. మహేశచంద్రుడు తన పద్ధతిలోనే గుర్రం, ఒక్క అడుగు బంటు. మూడవ ఎత్తులో మాత్రం మంత్రి ముందటి బంటును రెండడుగులు దూకించి తెల్ల బంట్లకు ఎదురు పెట్టినాడు. పదహారు ఎత్తుల దాకా ఆట ఇరువైపులా నిలిచి ఉన్నది. పదిహేడవ ఎత్తులో తెల్ల గుర్రం నల్ల కోట గుమ్మానికి వచ్చినది. మహేశచంద్రుడు దానిని లెక్కచేయక ఒక శకటును తిన్నాడు. కాక్రేన్ ఆ శకటుకు బదులు తీసుకొనలేదు. గుర్రంతో కోట ముందటి బంటును కొట్టినాడు. మహేశచంద్రుడు మళ్ళీ తన రాజు వైపు చూడక, తన గుర్రాన్ని శత్రు మంత్రి మీదికి ఎక్కుపెట్టినాడు.

తరువాతిది మూడు ఎత్తుల కథ. తెల్ల గుర్రం పక్కకు దూకడంతో గుర్రం నుండి ఒక చెక్, దాని వెనుక దాగి ఉన్న మంత్రి నుండి ఒక చెక్, రెండూ ఒకేసారి పడినవి. నల్ల రాజు మూలకు పోయినాడు. అప్పుడు తెల్ల మంత్రి నేరుగా రాజు పక్క గడిలో వచ్చి కూర్చున్నది. రాజు దానిని తినలేడు, గుర్రం కాపు ఉన్నది. ఏనుగు తినక తప్పదు. ఏనుగు తిన్నది. గుర్రం తిరిగివచ్చి చెక్ చెప్పినది. మూలనున్న రాజు చుట్టూ తన ఏనుగే, తన శకటే, తన బంటే. పారిపోవడానికి ఒక్క గడి లేదు. ఇరవైయొకటవ ఎత్తున ఆటకట్టు.

ఓడినది మహేశచంద్రుడు. అయితే ఆట మొదట ఆయన అమర్చిన వ్యూహం ఓడలేదు.

పేర్ల లెక్క

1848లో ఈ ఇద్దరి మధ్యనే మరొక ఆట జరిగినది. అందులో కాక్రేన్ నాలుగవ ఎత్తులోనే ఒక గుర్రాన్ని బంటు కోసం త్యాగం చేసి దాడికి దిగినాడు. ఆ ప్రారంభానికి ఈనాటికీ చదరంగ గ్రంథాలలో ‘కాక్రేన్ గాంబిట్’ అని పేరు. ఎత్తు వేసినవాని పేరు ఎత్తుకు నిలిచినది. న్యాయమే.

మరి 1855 ఆటలో మహేశచంద్రుడు వేసిన ఎత్తులకు ఏమి పేరు? 1922లో, అనగా అరవైయేడు సంవత్సరాల తరువాత, ఆస్ట్రియా దేశపు ఎర్న్‌స్ట్ గ్రూన్‌ఫెల్డ్ పెద్ద పోటీలలో అదే వ్యూహం ప్రయోగించినాడు. నేడు ప్రపంచమంతా దానిని ‘గ్రూన్‌ఫెల్డ్ డిఫెన్స్’ అంటున్నది. బంటును ఒక్క అడుగు జరిపి శకటును మూలదారిలో నిలిపే ఈ పద్ధతులన్నిటికీ కలిపి ‘ఇండియన్ డిఫెన్సులు’ అనే సామూహిక నామం ఉన్నది. 1884 నాటికే ఆ మాట వాడుకలో ఉన్నది, ఈ బెంగాలీ ఆటగాని వలననే వచ్చినది. కాక్రేన్‌కు తన పేరు దక్కినది. మహేశచంద్రునికి తన దేశం పేరు దక్కినది. తన పేరు మాత్రం దక్కలేదు.

దేశం పేరు దక్కడం చిన్న గౌరవమా అని కొందరు అనవచ్చును. చిన్నది కాదు. కాని ఒక మనిషి చేసిన పనిని ‘భారతీయుడెవరో చేసినది’ అని వ్రాసుకొన్నప్పుడు ఆ మనిషి సగం చెరిగిపోతాడు. మిగిలిన సగం ఎందుకు నిలిచినది? ఆ ఆటలు వ్రాయబడినవి గనుక. కలకత్తా సంఘం ఆటలు కాగితం మీదికి ఎక్కి, ఇంగ్లండు చదరంగ పత్రికలలో అచ్చయినవి. అందువలననే నూట డెబ్బది ఏళ్ళ తరువాత మనం బల్ల తెరచి, ఆ పదిహేడవ ఎత్తు వద్ద మహేశచంద్రుని పక్కన కూర్చొని, ‘శకటును తినకుండ ఉంటే?’ అని ఆలోచించగలుగుతున్నాము. ఆ గ్రామాలలో ఆయనతో ఆడి ఓడినవారి పేర్లు గాని, ఎత్తులు గాని ఒక్కటైనా మనకు చేరలేదు. వారిలో ఆయనకు ఆట నేర్పినవారు కూడ ఉండియుండవచ్చు.

ఖరగ్‌పూర్ విషయంలో ఈ తేడా మరింత స్పష్టం. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏ సంవత్సరంలో పుట్టినదో, ఎప్పుడు ఎవరి చేతికి మారినదో చెప్పడానికి పుస్తకాలున్నవి. ఆ దారి మీద మొదటి గంప మట్టి పోసిన శ్రీకాకుళపు కూలి ఎవడో చెప్పడానికి పుస్తకం లేదు. పట్టా ఉన్నది, దాని మీద రైలు నడుస్తున్నది, వేసినవాని పేరు లేదు. తాతల పేర్లు మనుమలకు నోటిమాటగా తెలిసినంత కాలం ఉంటవి. ఆ మనుమలు మరొక భాషలో చదువుకొని మరొక ఊరికి తరలినప్పుడు అవీ పోతవి.

పెన్సిలు, కాగితం

అందుచేత చదరంగమాడే పాఠకులకు, ముఖ్యంగా పేరులేని రెండవ లోకపు ఆటగాళ్ళకు, ఒక చిన్న సూచన. మీ ఆట వ్రాయండి.

పద్ధతి సులభం. బల్ల మీద నిలువు వరుసలకు ఎడమ నుండి కుడికి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని అక్షరాలు. అడ్డ వరుసలకు తెల్లవాని వైపు నుండి 1 మొదలు 8 వరకు అంకెలు. ప్రతి గడికి ఒక అక్షరం, ఒక అంక. 1981 నుండి ప్రపంచ చదరంగ సమాఖ్య తన పోటీలలో గుర్తించేది ఈ పద్ధతినే. పావు పేరు మీ భాషలోనే వ్రాసుకొనవచ్చును. తెలుగువాని ‘ఏ’ ఏనుగు కావచ్చు, బెంగాలీవాని ‘న’ నౌక కావచ్చు. గడి అక్షరం, అంక మారవు గనుక ఎవరు వ్రాసినది ఎవరైనా చదువుకొనగలరు. నలభై ఎత్తుల ఆటకు ఒక పుట చాలు.

దీని వలన మూడు ప్రయోజనాలు. మొదటిది, ఎత్తు వ్రాయడానికి పట్టే ఆ నాలుగు క్షణాలలో చేయి నిదానిస్తుంది, తొందరపాటు తగ్గుతుంది. రెండవది, పోయిన ఆట ఎక్కడ పోయినదో నిజంగా తెలుస్తుంది. ఓడినవాడు సాధారణంగా చివరి తప్పును మాత్రమే గుర్తుపెట్టుకొంటాడు. అసలు తప్పు దానికి పది ఎత్తుల ముందే జరిగి ఉంటుంది. పైన చెప్పిన మూడు పావుల స్థితికి వచ్చిన ఫిట్టరు, అంతకు ముందు ఏ బంటును అనవసరంగా ఇచ్చివేసినాడో కాగితమే చెప్పగలదు. ఈనాడు చేతిలోని ఫోనులో ఉన్న చదరంగ యంత్రం ప్రపంచ విజేతల కన్న బలమైనది. క్షణంలో తప్పు చూపగలదు. అయితే అది చూడాలంటే మనం ఏమి ఆడినామో దానికి చెప్పాలి. జ్ఞాపకం మీద ఆధారపడితే మనం ఆడిన ఆటకు బదులు, ఆడినామనుకొన్న ఆటను చెబుతాము.

మూడవ ప్రయోజనం అన్నిటికన్న దూరపుది. అడుగున తేదీ, ఊరు, ఇద్దరి పేర్లు వ్రాయండి. పూర్తి పేర్లు, సరియైన అక్షరాలతో. ఎదుటివాని పేరు మీ భాషలో కుదరకపోతే అతడినే వ్రాయమనండి. మహేశచంద్రుని పేరును పత్రికలు అన్ని రకాలుగా వంకర తిప్పినది ద్వేషంతో కాకపోవచ్చును. ఎవరూ కాగితం ఆయన చేతికిచ్చి ‘మీ పేరు మీరే వ్రాయండి’ అని అడిగినట్లు కనిపించదు.

ఇదంతా ఒక కాలక్షేపపు ఆటకు ఎక్కువ కాదా అని అనుమానం రావచ్చును. కాలక్షేపంలో మనిషి ఏమి చేసినాడన్నది కూడ అతని జీవితమే. ఎనిమిది గంటలు ఇనుముతో పని చేసి వచ్చిన మనిషి, ఎవరి ఆజ్ఞా లేకుండా, జీతం కోసం కాకుండా, తన ఇష్టంతో ఆలోచించిన రెండు గంటలు అవి. అతని ఉద్యోగపు చిట్టా రైల్వేవారి దగ్గర ఉంటుంది. అందులో ఏ తేదీన చేరినాడు, ఎన్ని సెలవులు తీసికొన్నాడు, ఎప్పుడు దిగిపోయినాడు అన్నీ ఉంటవి. అతడు ఎలా ఆలోచించేవాడో మాత్రం ఉండదు. ఒక పాత నోటు పుస్తకంలో ‘నల్ల రాజు డి-8’ అని ఒక పంక్తి ఉంటే, శత్రువుకు దూరంగా జరగవలసిన చోట ఎదురు నిలిచిన మనిషి ఒకడున్నాడని అతని మనుమరాలికి తెలుస్తుంది.

ఆట సమానమైనదని ఆమె చదువుకొంటుంది. అతని పేరు కూడ చదువుకొంటుంది.